మొదటి పద్దు ఎక్కడ? సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల మార్పుల చిట్టా కత్తిరింపు – పాఠపరిష్కరణ దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలతో పాటు వచ్చే మార్పుల చిట్టాలను నిడివి తగ్గించడం కోసం కత్తిరించడం ఇప్పుడు సాధారణమైంది. ఈ చిట్టాను ఒక పాఠచరిత్రగా గ్రహించి, తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయం దానిని ఎలా చూస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కత్తిరింపు దానంతటది దోషం కాదని, అయితే తేదీనో సంఖ్యనో హద్దుగా పెట్టుకొన్న కోత ఎల్లప్పుడూ మొదటి పద్దును, తొలి శ్రామికుల పేర్లను ముందుగా పోగొడుతుందని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: మార్పుల చిట్టా, పుష్పిక, అవతారిక, పాఠచరిత్ర, డెబియన్, స్థానికీకరణ, పోతన, వేమన.

1. ప్రవేశిక

లినక్స్ కంప్యూటర్లలో తెలుగు చదివేవారికి పోతన, వేమన అనే పేర్లు రెండు విధాలుగా పరిచితం. మొదట కవులుగా, ఆ తరువాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 అనే ఖతులుగా. డెబియన్, ఉబుంటు వంటి పంపిణీలలో ఈ ఖతులు ప్యాకేజీ రూపంలో లభిస్తాయి. ప్యాకేజీ అంటే ఒక ఉపకరణాన్ని యంత్రంలో స్థాపించడానికి అవసరమైన ఫైళ్ళన్నింటినీ ఒక్కచోట కట్టిన మూట. ఆ మూట విప్పినప్పుడు ఖతి ఒకచోట చేరుతుంది. దానికి సంబంధించిన పత్రాలు వేరే సంచయంలో చేరుతాయి. ఆ పత్రాలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి హక్కుల పత్రం. రెండవది మార్పుల చిట్టా: ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారు అన్నది వరుసగా నమోదు చేసిన పాఠ్యం.

సాధారణ వాడుకరి ఈ చిట్టాను తెరవడు. తెరవవలసిన అవసరమూ రాదు. కాని తెలుగు సాహిత్య విద్యార్థికి అది పరాయి వస్తువు కాదు. ఒక పాఠం ఎన్ని చేతులు మారి మన దాకా వచ్చిందో ఆ పాఠంతో పాటే చెప్పే రచన మనకు చాలాకాలంగా ఉంది. తాళపత్రాల చివరి లేఖకుని మాట, ఆశ్వాసాంత గద్య, పరిష్కర్త పీఠిక, అడుగున పాఠాంతరాల సూచిక అటువంటివే. వాటిని ఎక్కడ ఉంచాలి, ఎక్కడ వదలవచ్చు అన్న విషయంలో మన పరిష్కర్తలకు కొన్ని అలవాట్లు ఏర్పడ్డాయి. మన ప్రచురణకర్తలకు వేరే అలవాట్లు ఏర్పడ్డాయి. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే యంత్రం చేసే కోతను అంచనా వేయడం సులభమవుతుంది.

2. చిట్టా ఒక పుష్పిక

డెబియన్ చిట్టాలో ప్రతి పద్దుకూ నిర్ణీతమైన ఆకృతి ఉంది. మొదటి పంక్తిలో ప్యాకేజీ పేరు, కూర్పు సంఖ్య, అది చేరవలసిన విడుదల పేరు, అత్యవసరత స్థాయి ఉంటాయి. తరువాత నక్షత్ర చిహ్నాలతో మార్పుల వివరాలు. ఒక మార్పు ఎవరైనా నివేదించిన దోషానికి పరిష్కారమైతే ఆ దోషం సంఖ్య కూడా ఉంటుంది. చివరి పంక్తిలో నిర్వాహకుని పేరు, ఈమెయిలు చిరునామా, వారం, తేదీ, సమయం, కాలమండలం. భారతదేశంలో కూర్చుని రాసిన పద్దు చివర +0530 అని కనిపిస్తుంది.

ఈ చివరి పంక్తిని తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు రాసుకొన్న పుష్పిక పక్కన పెట్టి చూడవచ్చు. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం, రాసినవాని పేరు, ఊరు, తరచుగా తప్పులుంటే మన్నించమన్న వినతి: ఇదీ పుష్పిక నిర్మాణం. రెండింటిలోనూ వారం చెప్పడం గమనించదగినది. తేదీ ఉన్నాక వారం అనవసరమని తోస్తుంది. కాని శాసన పరిశోధకులకు వారం విలువ బాగా తెలుసు. తిథికీ వారానికీ పొంతన కుదరకపోతే తేదీ తప్పయినా కావాలి, శాసనం కూటమైనా కావాలి, లేదా నకలు చేసినవాడు పొరబడి అయినా ఉండాలి. డెబియన్‌లో ప్యాకేజీలను తనిఖీ చేసే లింటియన్ అనే ఉపకరణం కూడా ఇదే పని చేస్తుంది: చిట్టాలో వారం తేదీకి సరిపోకపోతే ఆ పద్దును దోషంగా చూపుతుంది. చేతితో తేదీ దిద్దినచోట ఈ తప్పు దొర్లుతుంది. శాసనం చదివే పద్ధతీ ప్యాకేజీ కట్టే పద్ధతీ ఒకదానినుంచి ఒకటి నేర్చుకొన్నవి కావు; నమోదు చేసేవాని చేతిని తనిఖీ చేయవలసిన అవసరమే రెండుచోట్లా ఒకే ఉపాయాన్ని పుట్టించింది.

ఒక తేడా మాత్రం ఉంది. ఈ వ్యాసానికి అది కీలకం. పుష్పిక గ్రంథం చివర వస్తుంది. చిట్టాలో కొత్త పద్దు ఎప్పుడూ పైన చేరుతుంది. అందువల్ల అన్నింటికంటె పాత పద్దు అట్టడుగున ఉంటుంది. చదువరికి కొత్త సంగతి మొదట కనిపించాలన్న ఉద్దేశంతో చేసిన ఈ ఏర్పాటు సబబైనదే. కాని అడుగునుంచి కోసినప్పుడు ముందుగా పోయేది ఆరంభం. తాళపత్రాల కట్టలో పై ఆకు, అడుగు ఆకు మొదట శిథిలమవుతాయని ప్రతులు చూసినవారికి తెలుసు. చిట్టాలో పై ఆకుకు భద్రత దొరికింది. అడుగు ఆకుకు దొరకలేదు.

3. కోత ఎలా జరుగుతుంది, ఎందుకు

కత్తిరింపును సమర్థించే కారణాలు బలమైనవే. పేరొందిన ప్యాకేజీల చిట్టాలు వేల పంక్తుల పొడవు ఉంటాయి. డెబియన్ 1993లో మొదలైంది. అంతకాలంగా నడుస్తున్న ప్యాకేజీలో దాదాపు ముప్పై ఏళ్ళ పద్దులు పేరుకొని ఉంటాయి. పైగా ఒకే మూలంనుంచి అనేక ప్యాకేజీలు తయారవుతాయి. లిబ్రెఆఫీస్ ఇందుకు మంచి ఉదాహరణ: తెలుగు సహా ఎన్నో భాషల ప్యాకేజీలు ఒకే మూలంలోంచి వస్తాయి. వాటన్నింటిలోనూ అదే చిట్టాను పెడితే అదే పాఠ్యం అన్నిసార్లు పునరావృతమవుతుంది. చిన్న యంత్రాలకు, చవక కంప్యూటర్లకు ఈ బరువు చిన్నది కాదు. ఉబుంటు తన వ్యవస్థనంతటినీ ఒక్క సీడీలో ఇమిడ్చి పంచిన రోజుల్లో ప్రతి కిలోబైటుకూ లెక్క చూడవలసి వచ్చింది. అందుకే అక్కడ స్థాపనకు పంపే ప్యాకేజీలలో చివరి పది పద్దులను మాత్రమే ఉంచే ఏర్పాటు వచ్చింది. డెబియన్‌లో ప్యాకేజీ నిర్మాణానికి వాడే డెబ్‌హెల్పర్ కూడా తరువాత ఇటువంటి కోతను ప్రవేశపెట్టింది. అది సంఖ్య కంటె తేదీని హద్దుగా తీసుకొంటుంది. ఆర్‌పీఎం పద్ధతి పాటించే ఫెడోరా వంటి పంపిణీలలో చిట్టా ప్యాకేజీ శీర్షభాగంలోనే ఉంటుంది; అక్కడా నిర్మాణ సమయంలో నిర్ణీత వయసు దాటిన పద్దులను వదిలివేసే వీలుంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. కోత జరిగేది స్థాపనకు సిద్ధమైన ప్యాకేజీలో మాత్రమే. మూల ప్యాకేజీలో చిట్టా యథాతథంగా ఉంటుంది. డెబియన్‌కు స్నాప్‌షాట్ అనే భాండాగారం కూడా ఉంది. 2005 నుంచి వెలువడిన ప్యాకేజీలను అది కూర్పుల వారీగా భద్రపరుస్తోంది. కనుక చరిత్ర నశించిందని గగ్గోలు పెట్టడం అతిశయోక్తి. మన మాటల్లో చెప్పాలంటే ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ప్రతి భద్రంగానే ఉంది. బజారులో దొరికే అచ్చుప్రతిలో పీఠిక లేదు. అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది: అచ్చుప్రతి ఒక్కటే చేతికి దొరికే చదువరికి ఏమి మిగిలింది?

4. పోతన ప్యాకేజీ, వేమన ప్యాకేజీ

ఖతులకు ఈ ఇద్దరి పేర్లు పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని పాఠచరిత్ర విషయంలో ఇంతకంటె విరుద్ధమైన జంట తెలుగులో దొరకదు.

ఆంధ్ర మహాభాగవతంలో ప్రతి స్కంధం చివర గద్య ఉంది. ఆ గద్యలో కవి పేరు, అతని తండ్రి పేరు, స్కంధం సంఖ్య చెప్పబడతాయి. పన్నెండు స్కంధాలలో పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ రచించారని మనకు తెలిసింది ప్రధానంగా ఈ గద్యల వల్లనే. పోతన రాసిన భాగాలలో కొన్ని శిథిలమైనాయని, రాజాగ్రహం వల్ల భూస్థాపితమైనాయని చెప్పే కథలు ప్రచారంలో ఉన్నాయి. కథ ఏదైనా పూరించినవారు తమ పేరు దాచుకోలేదు, పోతన పేరు చెరపలేదు. ఎక్కడ చేయి మారిందో అక్కడే నమోదు చేశారు. పద్దువారీ చిట్టా అంటే ఇదే.

ఈ గద్యలను కత్తిరిస్తే ఏమవుతుంది? గజేంద్రమోక్షం అష్టమ స్కంధంలోనిది, ప్రహ్లాద చరిత్ర సప్తమ స్కంధంలోనిది. రెండూ పోతనవే కనుక గద్య లేకపోయినా కర్తృత్వం విషయంలో చిక్కు రాదు. అజామిళోపాఖ్యానం సంగతి వేరు. అది షష్ఠ స్కంధంలోనిది, అంటే సింగన రచన. జడభరతుని వృత్తాంతం పంచమ స్కంధంలోనిది, గంగన రచన. ఈ కథలను స్కంధాంత గద్య లేకుండా విడదీసి, పైన పోతన భాగవతం అని పేరు పెట్టి ఇస్తే చదువరి సింగన పద్యాన్ని పోతన పద్యంగా తలచి మెచ్చుకొంటాడు. పోతనకు దీనివల్ల నష్టం లేదు. సింగనకు మాత్రం మిగిలిన ఒకే ఒక్క ఆధారం పోతుంది. కోత వల్ల నష్టపోయేది ఎప్పుడూ ప్రధాన కర్త కాడు. మధ్యలో ఒక స్కంధం పూరించి తప్పుకొన్నవాడు.

వేమనది దీనికి పూర్తిగా భిన్నమైన స్థితి. ఆయన పద్యాలకు గద్య లేదు, ఆశ్వాసం లేదు, అవతారిక లేదు. ఉన్నదల్లా మకుటం. మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమన పద్యమే అవుతుంది. సి.పి. బ్రౌన్ 1829లో ప్రచురించిన సంకలనంలో 693 పద్యాలున్నాయి. 1839 నాటి కూర్పులో అవి 1164 అయినాయి. ఆ తరువాత వెలువడిన సంకలనాలలో సంఖ్య వేలకు పెరిగింది. బ్రౌన్ తాను ప్రతులు సేకరించి సరిపోల్చినట్టు చెప్పుకొన్నాడు. ఆయన తరువాతి ప్రచురణలలో చాలావాటికి ఏ పద్యం ఏ ప్రతినుంచి వచ్చిందో చెప్పే అలవాటే లేదు. అందుకే వేమన విషయంలో పాఠపరిష్కరణ ఈనాటికీ భాషాశైలి మీద, భావసామ్యం మీద ఆధారపడవలసి వస్తోంది. చిట్టా లేని ప్యాకేజీ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే వేమనను చూడాలి: వాడుకకు లోటు లేదు, ఎవరు ఏమి చేర్చారో చెప్పగలిగేవారు లేరు.

వీరిద్దరి మధ్య నన్నెచోడుని కుమారసంభవం ఉంది. మానవల్లి రామకృష్ణకవి 1909లో దానిని వెలుగులోకి తెచ్చి నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించినప్పటినుంచి కవి కాలం మీద వివాదం నడిచింది. కొందరు విమర్శకులు ఇంకా ముందుకు వెళ్ళి కావ్యం ప్రామాణికతనే శంకించారు. ఆ వాదంలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ముద్రిత పాఠంలో ప్రతినుంచి వచ్చింది ఎంత, పరిష్కర్త దిద్దింది ఎంత? ఆ శంకకు ఆధారం ఉందని నేను అనుకోవడం లేదు. కాని పరిష్కర్త చేసిన దిద్దుబాట్లు పద్యపద్యానికీ విడిగా నమోదై ఉంటే ఒక మహాపండితుని నిజాయితీ మీద ఇంత చర్చకు తావుండేది కాదు. చిట్టా లేనిచోట పాఠాన్ని శంకించడం మొదలుపెట్టినవారు మనిషిని శంకించడంతో ఆగుతారు. సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ మాటకు ఇంకా ప్రత్యక్షమైన అర్థం ఉంది: భద్రతా లోపం బయటపడినప్పుడు ఆ మార్పు ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా ప్రవేశించిందో తేల్చడానికి మొదట వెతికేది ఇటువంటి నమోదులనే.

5. అనువాదకుల వరుస

తెలుగు పరిశోధకులను ఈ కోత నేరుగా తాకే చోటు ఒకటుంది. డెబియన్‌ను యంత్రంలో స్థాపించే కార్యక్రమం తెలుగులోనూ పనిచేస్తుంది. ఆ కార్యక్రమానికి చెందిన అంగాల చిట్టాలలో నవీకరించిన అనువాదాలు అనే ఉపశీర్షిక కింద భాషల పేర్లు వరుసగా ఉంటాయి. ప్రతి భాష పక్కన ఆ అనువాదం చేసినవారి పేరు ఉంటుంది. అందులో తెలుగు ఒక పంక్తి. సాంకేతికంగా చూస్తే ఆ పంక్తిలో సమాచారం దాదాపు లేదు. ఏ పదం మారిందో అది చెప్పదు. కాని సాహిత్య చరిత్రకారునికి అది విలువైనది: ఫలానా సంవత్సరంలో ఫలానా వ్యక్తి ఈ యంత్రానికి తెలుగు నేర్పాడని చెప్పే నమోదు అది. తేదీ హద్దుతో కోసినప్పుడు ఇటువంటి పంక్తులు ఒక్కసారిగా పోతాయి. ఒక భాషకు అనువాదం మొదట చేరిన సంఘటన స్వభావరీత్యా పాతది కదా.

అనువాదాల ఫైళ్ళలోనే పేర్లు ఉంటాయి కదా అని అడగవచ్చు. కొంతవరకు నిజం. అనువాదకుడు పనిచేసే పీఓ ఫైలు తలభాగంలో ఇంతవరకు పనిచేసినవారి పేర్లను సంవత్సరాలతో సహా వ్యాఖ్యలుగా రాసే ఆచారం ఉంది. దాని కింద చివరి అనువాదకుని పేరు విడిగా ఉంటుంది. యంత్రం చదవడానికి ఈ ఫైలును ఎంఓ ఫైలుగా మార్చినప్పుడు వ్యాఖ్యలన్నీ రాలిపోతాయి. చివరి అనువాదకుని పేరు మాత్రం మిగులుతుంది. ఒక గ్రంథాన్ని నలుగురు పరిష్కరిస్తే చివరి పరిష్కర్త పేరు మాత్రమే అట్ట మీద నిలిచినట్టు. నిజానికి స్థానికీకరణలో కష్టమంతా మొదటివానిది. ఫైలు అనాలా, దస్త్రం అనాలా? సేవ్ చేయి అనాలా, భద్రపరచు అనాలా, దాచు అనాలా? ఆ నిర్ణయాలు తీసుకొన్నవాడు ఒక పరిభాషను నిర్మించాడు. ఆ తరువాత వచ్చినవాడు ఆ పరిభాషలో నాలుగు వాక్యాలు దిద్ది ఉండవచ్చు. కాని యంత్రంలో నిలిచేది ఇతని పేరు.

తెలుగు పరిభాషా నిర్మాణ చరిత్ర రాసేటప్పుడు మనం నిఘంటువులను, పాఠ్యపుస్తకాలను, పత్రికలను చూస్తాం. గత ఇరవై ఏళ్ళలో తెలుగులో వేలకొద్దీ కొత్త పదబంధాలు రూపొందిన చోటు మాత్రం తెర మీది వరుసలూ బొత్తాలూ. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ చేసిన తెలుగీకరణ, గ్నోమ్, లిబ్రెఆఫీస్ అనువాద బృందాల కృషి, వ్యక్తులు ఒంటరిగా చేసిన పని, ఇవేవీ అచ్చు పుస్తకాలలో కనిపించవు. వాటికి దొరికే ఆకరాలు ఈ చిట్టాలూ మూలాల భాండాగారాలూ మాత్రమే. తెలుగు వికీపీడియాతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2003లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో ప్రతి వ్యాసానికీ చరిత్ర పుట ఉంది. మొదటి దిద్దుబాటునుంచి నేటి దాకా అక్కడే చూడవచ్చు. అక్కడ చరిత్రను ఉంచడం మర్యాద మాత్రమే కాదు, లైసెన్సు నిబంధన కూడా: రాసినవారికి గుర్తింపు ఆ పుట ద్వారానే దక్కుతుంది. ప్యాకేజీల విషయంలో చట్టం హక్కుల పత్రాన్ని కాపాడుతుంది, చిట్టాను కాపాడదు. అందువల్లనే హక్కుల పత్రాన్ని ఎవరూ కత్తిరించరు. చట్టం అడిగిన పేర్లు నిలిచాయి. శ్రమ చేసిన పేర్లు నిడివి లెక్కలోకి వచ్చాయి.

6. కోసిన చోట గుర్తు

ఇంత చెప్పినా కోసేవారి పక్షాన ఒక ముఖ్యమైన మాట ఉంది. డెబియన్, ఉబుంటు రెండూ కోసిన చోట ఒక గమనికను వదులుతాయి: పాత పద్దులు తొలగించబడినాయని, పూర్తి చిట్టా కావాలంటే ఆప్ట్ చేంజ్‌లాగ్ అనే ఆదేశం వాడమని ఆ గమనిక చెబుతుంది. పాఠపరిష్కరణలో ఇది మొదటి మర్యాద. ప్రతిలో అక్షరాలు శిథిలమైన చోట పరిష్కర్త చుక్కలు పెడతాడు, ఉన్నట్టు నటించడు. మన శతకాల, పురాణాల చౌక ముద్రణలలో ఈపాటి గుర్తు కూడా లేకుండా అవతారికలను, గద్యలను వదిలిన సందర్భాలు పుస్తకాల దుకాణానికి వెళ్ళిన ఎవరికైనా కనిపిస్తాయి. ఈ ఒక్క విషయంలో యంత్రం మన ప్రచురణకర్తలకంటె నయం.

కోతను గ్రంథారంభంలోనే ప్రకటించిన ఉదాహరణ ఒకటి లినక్స్ చరిత్రలోనే ఉంది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను తాను కొత్తగా రాసిన గిట్ అనే నమోదు వ్యవస్థలోకి మార్చినప్పుడు అంతవరకు ఉన్న చరిత్రను అందులో చేర్చలేదు. 2.6.12 కూర్పు సన్నాహక దశనుంచే కొత్త నమోదు మొదలైంది. పూర్తి చరిత్రను చేరిస్తే 3.2 గిగాబైట్లు అవుతుందని, కొత్త వ్యవస్థ తొలి రోజుల్లో అది అనవసరమైన చిక్కు తెస్తుందని, కావలసినవారు తరువాత జోడించుకోవచ్చని మొదటి పద్దులోనే రాశాడు. ఆ తరువాత ఇతరులు పాత చరిత్రతో వేరే భాండాగారాలు తయారుచేశారు. కొత్తదానికి వాటిని అంటుకట్టి చదివే వీలు ఏర్పడింది. ఇక్కడ కోత చాలా పెద్దది. అయినా దానిమీద ఫిర్యాదు చేయడం కష్టం. కోసినవాడు తన పేరుతో, తేదీతో, కారణంతో కోశాడు. నారయ ఏకాదశ స్కంధం చివర తన పేరు రాసుకొన్నట్టే.

ప్యాకేజీ చిట్టా అడుగున ఉండే గమనికకు అంత నిండుతనం లేదు. అది ఏమి పోయిందో చెప్పదు, ఎన్ని పద్దులు పోయాయో చెప్పదు, మొదటిది ఏ సంవత్సరానిదో చెప్పదు. పూర్తి పాఠం దొరికే చోటు మాత్రం చెబుతుంది. ఆ చోటు ఇంటర్నెట్‌లో ఉంది. ఈ ఏర్పాటు వెనుక ఒక ఊహ ఉంది: చదువరి ఎప్పుడూ అనుసంధానమై ఉంటాడని. సిద్దిపేట వంటి పట్టణాలలో కళాశాల ప్రయోగశాలలు చూసినవారికి ఈ ఊహ ఎంతవరకు నిజమో తెలుసు. ముప్పై యంత్రాలకు ఒక తీగ. అదీ పరీక్షల ఫారాలు నింపే వారంలో అందదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను మనవంటి చోట్ల ప్రచారం చేసేటప్పుడు చెప్పే ప్రధాన ప్రయోజనం ఒకసారి స్థాపించుకొంటే ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుందని, పత్రాలన్నీ యంత్రంలోనే ఉంటాయని. చిట్టా కోత ఆ వాగ్దానంలో ఒక చిన్న భాగాన్ని వెనక్కి తీసుకొంటోంది.

7. మల్లినాథుని నియమంలో రెండు సగాలు

ఉమ్మడి మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడుగా ప్రసిద్ధుడైన మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు పెట్టుకొన్న నియమం సంస్కృత విద్యార్థులందరికీ తెలిసినదే. దానికి రెండు సగాలున్నాయి. మొదటిది ఆధారం లేనిది రాయకపోవడం గురించి. రెండవది అక్కరలేనిది చెప్పకపోవడం గురించి. చిట్టాను కత్తిరించేవారు రెండవ సగాన్ని ఆశ్రయిస్తారు, కత్తిరించవద్దనేవారు మొదటి సగాన్ని. మల్లినాథుడు ఈ రెండింటినీ ఒకే శ్లోకంలో చెప్పడంలో ఔచిత్యం ఉంది. ఏది అనపేక్షితమో నిర్ణయించే పని మూలం ఎరిగినవానిదే కావాలి. పదవ పద్దు దాటింది కనుక అనపేక్షితం అనే తీర్పులో వ్యాఖ్యాత లేడు.

సాహిత్య పరిష్కర్తకు ఈ చిట్టా ఇచ్చి కుదించమంటే అతడు అడుగునుంచి కోయడు. మధ్యలో చూస్తాడు. అక్షరదోషం దిద్దాను, ప్రమాణపత్రం సంఖ్య మార్చాను, నిర్మాణం విఫలమైతే మళ్ళీ చేశాను అనే పద్దులు ఏ చిట్టాలోనైనా విస్తారంగా ఉంటాయి. వాటిని కుదించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. మొదటి పద్దును మాత్రం అతడు ముట్టుకోడు. అది కావ్యానికి అవతారిక వంటిది: ప్యాకేజీని ఎవరు మొదట తెచ్చారు, ఎవరు అడిగితే తెచ్చారు అన్నది అక్కడే ఉంటుంది. డెబియన్ ఆచారం ప్రకారం కొత్త ప్యాకేజీ కావాలన్న విన్నపానికి కూడా ఒక సంఖ్య ఉంటుంది. తొలి విడుదల అని రాసి ఆ సంఖ్యను పక్కన చేర్చడం మొదటి పద్దుకు మామూలు రూపం. కృతి అడిగినవాడు, కృతి చెప్పినవాడు, కాలం: మన అవతారికలలో వందల పద్యాలు తీసుకొనే సంగతి అక్కడ మూడు పంక్తులలో ముగుస్తుంది. ఆ మూడు పంక్తులను నిడివి కోసం తీసివేయడం వల్ల మిగిలే చోటు లెక్కలోకి రానంత స్వల్పం.

యంత్రానికి విలువలు నేర్పలేమన్న అభ్యంతరం ఇక్కడ వర్తించదు. మొదటి పద్దును ఉంచి, చివరి కొన్నింటిని ఉంచి, నడుమ ఎన్ని పద్దులు ఏ సంవత్సరంనుంచి ఏ సంవత్సరం వరకు తొలగించబడినాయో ఒక పంక్తి రాయడం ఏ ప్రోగ్రామరుకైనా చిన్న పని. అనువాదకుల పేర్ల వరుసలను కోతకు ముందు వేరే ఫైలులోకి తీసి ఉంచడం అంతకంటె కొంచెం కష్టం. అయినా ఆ వరుసల ఆకృతి నిర్ణీతమైనదే కనుక అసాధ్యం కాదు. ఈలోగా డెబియన్‌లో తెలుగు ఖతుల, తెలుగు అనువాదాల ప్యాకేజీలను నిర్వహించేవారికి ఒక వెసులుబాటు ఇప్పటికే ఉంది. డెబ్‌హెల్పర్‌లో చిట్టాను స్థాపించే ఆదేశానికి కోత వద్దని చెప్పే ఐచ్ఛికం జోడించవచ్చు. ప్యాకేజీ నిర్మాణ నియమాల ఫైలులో అది ఒక్క మాట. ఉబుంటులో కోత నిర్మాణ యంత్రాల స్థాయిలో జరుగుతుంది కనుక అక్కడ ఈ విన్నపాన్ని వేరుగా నడపవలసి ఉంటుంది.